ఓకే: రెండక్షరాల మాట, లెక్కలేనన్ని పుట్టుక కథలు

ఓకే అనే మాట ఎలా పుట్టిందో చెప్పే మెసేజ్ ఒకటి ఏళ్ల తరబడి ఫోన్లలో తిరుగుతూనే ఉంది. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో సాయంత్రం శిబిరానికి తిరిగొచ్చిన దళం, ఆ రోజు ఎంతమంది చనిపోయారో బోర్డు మీద రాసేదట. ఎవరూ చనిపోకపోతే సున్నా వేసి, పక్కన 'కిల్డ్' అనే మాటకు గుర్తుగా కె అక్షరం పెట్టేవారట. ఆ సున్నా, ఆ కె కలిసి ఓకే అయిందట. కథ బాగుంది, వినగానే మనసులో నిలిచిపోతుంది. కానీ ఆ యుద్ధం మొదలైంది 1861లో. అంతకు 22 ఏళ్ల ముందే, 1839లో, ఓకే ఒక పత్రికలో అచ్చయింది.

ఒక్క తేదీతో ఆ కథ తేలిపోయింది. మిగతావన్నీ ఇంత తేలిగ్గా తేలవు. కొన్నింటి వెనక పేరున్న భాషా పరిశోధకులు ఉన్నారు, కొట్టిపారేయలేని ప్రశ్నలూ ఉన్నాయి. అందుకే ఏది రుజువైంది, ఏది ఊహ, ఏది వట్టి కల్పన అన్నది విడివిడిగా చూడాలి.

ఒక్క మాట చేసే ఇన్ని పనులు

పుట్టుక కంటే ముందు అర్థాల సంగతి చూద్దాం, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది. 'రేపు పదింటికి కలుద్దామా?' అన్న ప్రశ్నకు జవాబుగా వచ్చే ఓకే అంటే సరే అని. 'సినిమా ఎలా ఉంది?' అన్నప్పుడు వచ్చే ఓకే అంటే పర్వాలేదు అని; అందులో మెచ్చుకోలు లేదు, కాస్త నిరుత్సాహం కూడా వినిపిస్తుంది. జారిపడిన మనిషిని 'ఓకేనా?' అంటే దెబ్బలేమైనా తగిలాయా అని. 'మేనేజర్ ఓకే చేశారు' అంటే అనుమతి. టీచరు 'ఓకే, ఇప్పుడు రెండో లెక్క చూద్దాం' అన్నప్పుడు అక్కడ ఒప్పుకోవడమూ లేదు, అనుమతీ లేదు. ఒకటి అయిపోయింది, ఇంకోటి మొదలుపెడుతున్నాం అని చెప్పే గుర్తు మాత్రమే. అదే టీచరు లెక్క పూర్తి చేసి, గొంతు కాస్త పైకి లేపి 'ఓకే?' అంటే అర్థమైందా అని అడుగుతున్నట్టు.

వీటన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? ఈ మాట మీద ఎక్కువ పని చేసినవారిలో ఒకరైన అమెరికన్ భాషా పండితుడు అలన్ మెట్‌కాఫ్ చూపించిన సంగతి నాకు చాలా సరైనదిగా అనిపిస్తుంది. ఓకే బాగుందని చెప్పదు, బాగాలేదనీ చెప్పదు. అభ్యంతరం లేదు, ముందుకు పోవచ్చు అని మాత్రం చెబుతుంది. మంచి చెడుల తీర్పు లేకుండా ఒప్పుకోగల మాట ఏ భాషలోనూ ఎక్కువగా దొరకదు. సినిమా విషయంలో అదే ఓకే చప్పగా వినిపించడానికి కారణం కూడా ఇదే: అక్కడ అడిగింది తీర్పు, వచ్చిన జవాబులో తీర్పు లేదు.

ఈ గుణమే ఒక్కోసారి చిక్కు తెస్తుంది. 'రిపోర్టు పంపాను, చూసి చెప్పండి' అని మెసేజ్ పెడితే 'ఓకే' అని జవాబొచ్చింది. అందింది అనా? చూస్తాను అనా? చూశాను, అలాగే పంపెయ్యి అనా? మూడూ కుదురుతాయి. ఆఫీసులో అయితే ఇంకోసారి అడిగితే సరిపోతుంది. ఆకాశంలో ఉన్న విమానానికి అంత తీరిక ఉండదు. అందుకే పైలట్లు, కంట్రోలర్ల రేడియో సంభాషణకు ఈ పనులన్నీ విడదీసి వేర్వేరు మాటలు నిర్ణయించారు. 'రోజర్' అంటే మీరు చెప్పింది పూర్తిగా అందింది, అంతవరకే. 'విల్కో' అంటే అర్థమైంది, అలాగే చేస్తాను. 'అఫర్మ్' అంటే అవును. నేల మీద మనం ఒక్క ఓకేలో కలిపేసిన అర్థాలు ఎన్నో ఈ మూడింటిని పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

మాట పుట్టుకను పరిశోధకులు ఎలా తేలుస్తారు

ఒక మాటకు ఇదీ మూలం అని చెప్పాలంటే కావలసినవి మూడు. ఆ మాట మొదటిసారి ఎక్కడ, ఏ తేదీన రాతలో కనిపించింది అన్నది ఒకటి. అక్కడి మనుషులు ఏ అర్థంలో వాడారన్నది రెండోది. ఆ రాత నుంచి ఇవాళ్టి వాడుక దాకా మధ్యలో తెగిపోకుండా ఆధారాలు ఉన్నాయా అన్నది మూడోది.

ఉచ్చారణ కలిసింది కదా అన్నది ఈ మూడింటిలో లేదని గమనించండి. ఆస్ట్రేలియాలోని ఎంబబరమ్ అనే ఆదివాసీ భాషలో కుక్కను పిలిచే మాట ఇంగ్లిష్ 'డాగ్' లాగే ఉంటుంది. అది ఇంగ్లిష్ నుంచి వచ్చింది కాదు. ఆ ప్రాంతపు పాత భాషలోని 'గుదగ' అనే రూపం అరిగి అరిగి అలా మారింది. రెండు భాషలకూ సంబంధమే లేదు, కలయిక పూర్తిగా యాదృచ్ఛికం. నాలుగక్షరాల పొడవున్న మాటలు ఇలా కాకతాళీయంగా కలవడం అరుదు. 'ఓ', 'కే' లాంటి రెండు తేలిక ధ్వనుల జంట మాత్రం వెతికితే చాలా భాషల్లో దొరుకుతుంది. ఓకేకి ఇన్ని పుట్టిళ్లు ఉండటానికి అసలు కారణం అదే.

బోస్టన్, 1839 మార్చి 23

ఆ రోజు 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రిక రెండో పేజీలో ఒక సరదా వార్త వచ్చింది. ఎడిటర్ పేరు చార్లెస్ గోర్డన్ గ్రీన్. గంటలు మోగించడాన్ని వ్యతిరేకించే సంఘం అంటూ సరదాకు పేరు పెట్టుకున్న ఒక బృందం ప్రయాణం గురించి, పొరుగూరు ప్రావిడెన్స్‌లోని పత్రిక ఎడిటర్‌ను ఆటపట్టిస్తూ రాసిన నాలుగు ముక్కలు అవి. అందులో 'ఓ.కె.' అని చిన్న అక్షరాల్లో ఉంది. దాని పక్కనే అర్థం కూడా ఇచ్చారు: 'ఆల్ కరెక్ట్', అంటే అంతా సరిగ్గా ఉంది.

ఇంగ్లిష్ స్పెల్లింగ్ తెలిసినవారికి ఇక్కడ అనుమానం రావాలి. 'ఆల్' మొదలయ్యేది ఓతో కాదు, ఏతో. 'కరెక్ట్' మొదలయ్యేది కెతో కాదు, సితో. రెండక్షరాలూ తప్పే. కావాలనే తప్పు రాశారు. 1838, 1839 ప్రాంతంలో బోస్టన్ పత్రికల్లో ఒక పిచ్చి నడిచింది: మాటలను పొడి అక్షరాలుగా కుదించడం, అదీ చదువురానివాడు రాసినట్టు తప్పు స్పెల్లింగ్‌తో కుదించడం. 'ఆల్ రైట్'ను 'ఓల్ రైట్' అని మార్చి, 'రైట్'ను డబ్ల్యుతో మొదలుపెట్టి రాసి 'ఓ.డబ్ల్యు.' అన్నారు. 'నో యూజ్'లోని 'నో' బదులు తెలుసు అనే అర్థమిచ్చే 'నో' స్పెల్లింగ్ పెట్టి, 'యూజ్'ను వైతో మొదలుపెట్టి 'కె.వై.' అన్నారు. 'నో గో' కూడా అలాగే 'కె.జి.' అయింది. ఆనాటి కుర్రకారు వాడుక, ఇవాళ చాట్‌లో కుదించి రాసుకునే అక్షరాలకు పూర్వీకులు అనుకోవచ్చు.

ఇదంతా వెలికి తీసినది కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలెన్ వాకర్ రీడ్. 1941లో ఒక వ్యాసంతో మొదలుపెట్టి, 1963, 1964 సంవత్సరాల్లో 'అమెరికన్ స్పీచ్' అనే పరిశోధన పత్రికలో వరుస వ్యాసాలుగా ప్రచురించారు. పాత పత్రికలను కంప్యూటర్లో వెతికే సౌకర్యం లేని కాలం అది, పేజీలు చేత్తో తిప్పి చూడాలి. ఆయన చూపించినది ఒక్క వార్త ముక్క అయితే అంత బలం ఉండేది కాదు. 'ఓ.కె.'తో పాటు దాని తోబుట్టువుల్లాంటి తప్పు పొడి అక్షరాలన్నింటినీ, తేదీలతో సహా, ఒకే ఊళ్లో, ఒకే కాలంలో చూపించారు. ఆ మాట ఒంటరిగా ఊడిపడలేదు, ఒక వాడుకలో భాగంగా వచ్చింది అన్నది అక్కడ రుజువైంది. ఇవాళ పెద్ద ఇంగ్లిష్ నిఘంటువులు అనుసరిస్తున్నది ఈ వివరణనే.

ఎన్నికలు లేకపోతే ఈ మాట బతికేదా?

'ఓ.డబ్ల్యు.' పోయింది. 'కె.వై.' పోయింది. ఓకే మాత్రం మిగిలింది. ఇందులో 1840 అమెరికా అధ్యక్ష ఎన్నిక పాత్ర చాలా పెద్దది.

అప్పటి అధ్యక్షుడు, డెమోక్రటిక్ పార్టీ నాయకుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ రెండోసారి పోటీ చేస్తున్నారు. ఆయన సొంతూరు న్యూయార్క్ రాష్ట్రంలోని కిండర్‌హుక్. అభిమానులు 'ఓల్డ్ కిండర్‌హుక్' అని పిలిచేవారు. దాని మొదటి అక్షరాలు ఓ, కె. న్యూయార్క్‌లో ఆయన మద్దతుదారులు 'ఓ.కె. క్లబ్' పెట్టారు. మన మనిషీ ఓకే, అంతా ఓకే అని రెండర్థాల నినాదం దొరికింది.

ఎదుటి పక్షమైన విగ్ పార్టీ ఊరుకోలేదు. 1837లో మొదలైన ఆర్థిక సంక్షోభం అప్పటికింకా తీరలేదు కాబట్టి, ఓకే అంటే 'ఔటాఫ్ క్యాష్' అని, క్యాష్‌ను కె అక్షరంతో రాసి ప్రచారం చేశారు. ఇంకో కథ అంతకంటే దూరం వెళ్లింది. వాన్ బ్యూరెన్‌కు ముందు అధ్యక్షుడిగా ఉన్న ఆండ్రూ జాక్సన్‌కు స్పెల్లింగ్ రాదని, కాగితాల మీద 'ఆల్ కరెక్ట్' అనబోయి ఓ, కె అని గీసేవారని రాశారు. జాక్సన్ స్పెల్లింగ్ నిలకడగా ఉండేది కాదన్నది నిజమే. ఆయన చేత్తో అలా ఓకే రాసిన కాగితం మాత్రం ఒక్కటీ దొరకలేదు.

ఎన్నికలో వాన్ బ్యూరెన్ విలియం హెన్రీ హారిసన్ చేతిలో ఓడిపోయారు. మాట మాత్రం దేశమంతా పాకింది. జాక్సన్ కథ కూడా పాకింది, అసలు చిక్కు అక్కడే మొదలైంది. బోస్టన్ పత్రికల సరదాను జనం మరిచిపోయారు, జాక్సన్ కథను గుర్తుపెట్టుకున్నారు. ఆ కథ నమ్మనివాళ్లు వేరే మూలాలు వెతకడం మొదలుపెట్టారు. అలా వంద ఏళ్లకు పైగా ఈ వెతుకులాట సాగింది.

చాక్టా భాష నుంచి వచ్చిందనే వాదం

అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో ఉండే చాక్టా ప్రజల భాషలో 'ఓకే' అని వినిపించే ఒక ముక్క ఉంది. అది అంతే, అలాగే ఉంది అన్నట్టు వాక్యం చివర వస్తుంది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు ఆ భాషకు రాసిన పుస్తకాల్లో ఇది నమోదైంది. అర్థమూ దగ్గరే, ఉచ్చారణా దగ్గరే. 1913 నుంచి 1921 వరకు అధ్యక్షుడిగా ఉన్న వుడ్రో విల్సన్ ఈ వాదాన్ని నమ్మి, ఫైళ్ల మీద ఆ చాక్టా స్పెల్లింగ్‌తోనే రాసేవారు. చాలా నిఘంటువులు కూడా కొంతకాలం దీన్నే పేర్కొన్నాయి. 

పక్కన ఒక మాట: ఓక్లహోమా రాష్ట్రం పేరు నిజంగానే చాక్టా మాటల నుంచి వచ్చింది, దానికి తపాలా శాఖ వాడే పొడి అక్షరాలు కూడా ఓ, కె. ఈ రెండూ కలిపి రుజువుగా చూపించేవాళ్లున్నారు. ఆ పొడి అక్షరాలు రాష్ట్రం పేరులోవే కాబట్టి వాటికీ మన మాటకూ సంబంధం లేదు.

ఈ వాదానికి లోటు ఎక్కడంటే, మధ్య మెట్లు లేవు. చాక్టా ప్రజల నుంచి ఇంగ్లిష్ వాళ్లు ఈ మాట అందుకున్నట్టు 1839కి ముందు రాసిన నమ్మదగ్గ వాక్యం ఒక్కటి కూడా దొరకలేదు. వాళ్ల ప్రాంతానికి అంత దూరంలో ఉన్న బోస్టన్‌లో, అదీ 'ఆల్ కరెక్ట్' అనే వివరణతో ఎందుకు తేలిందో ఈ వాదం చెప్పలేదు.

పశ్చిమాఫ్రికా మూలం: తోసిపుచ్చలేని ప్రశ్న

1960ల చివర్లో, 1970ల మొదట్లో డేవిడ్ డాల్బీ అనే బ్రిటిష్ భాషా శాస్త్రవేత్త ఇంకో దారి చూపించారు. సెనెగల్ ప్రాంతపు వోలోఫ్ భాషలో 'వావ్' అంటే అవును, 'కే' దాన్ని నొక్కి చెబుతుంది. కలిపితే అవునవును అన్నట్టు. పశ్చిమాఫ్రికాలోనే ఉన్న మాండింగో భాషల్లోనూ దగ్గరి రూపాలున్నాయి. బానిసలుగా తెచ్చిన లక్షల మంది ఆఫ్రికన్లు ఈ మాటలను అమెరికాకు తెచ్చారని, ఓకే అక్కడి నుంచే నాటుకుందని ఆయన వాదం.

దీన్ని మిగతా కథల్లో కలిపేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. 1839లో పత్రికలు నడిపింది ఎవరు? చదువుకున్న తెల్ల మగవాళ్లు. అదే కాలంలో అమెరికా దక్షిణ రాష్ట్రాలు చాలావాటిలో బానిసలకు చదువు నేర్పడమే నేరం. వాళ్లు రోజూ మాట్లాడిన మాటలు కాగితం మీదికి ఎక్కే అవకాశం ఎంత? తేదీ వేసిన రాతనే రుజువు అంటే, రాసే హక్కు లేనివారి మాటలకు ఎప్పటికీ రుజువు దొరకదు. డాల్బీ వాదాన్ని సమర్థించేవారు వేసే ఈ ప్రశ్న చాలా బలమైనది.

అయితే రాతలో లేకపోవడానికి కారణం ఉంది అన్నంత మాత్రాన, ఆ మాట అక్కడ ఉండేదని రుజువైనట్టు కాదు. రీడ్ వివరణకు బయటి సాయం అవసరం లేదు: అక్షరాలు ఎందుకు అవే, పక్కన అర్థం ఎందుకు అదే, అలాంటి మిగతా పొడి అక్షరాలు ఎందుకు ఉన్నాయి అన్న మూడింటికీ ఒక్కచోటే జవాబు దొరుకుతుంది. నేను రీడ్ పక్షానే ఉంటాను. ఇంకో సంభావ్యత ఉంది: ఓకే అచ్చులో పుట్టి పాకుతున్నప్పుడు, ఇంట్లో అలాంటి ధ్వనికి అలవాటుపడినవారు దాన్ని త్వరగా అందుకుని ఉండొచ్చు. అది జరిగి ఉండొచ్చు, దాన్ని తేల్చి చెప్పే దారి మాత్రం ఇప్పటికి లేదు.

గ్రీకులో 'ఓలా కలా' అంటే అంతా బాగుంది అనీ, స్కాట్లండ్ వాళ్ల 'ఓహ్ ఐ' అనీ, ఫ్రెంచ్ ఓడరేవు మాట అనీ, ఓరిన్ కెండాల్ అనే బిస్కెట్ల కంపెనీ పేరనీ చెప్పేవన్నీ ఉచ్చారణ లేదా పొడి అక్షరాల పోలిక మీద నిలబడ్డవే. వెనక రాత ఆధారం లేదు.

1839 కంటే ముందే దొరికిందన్న కాగితాలు

రీడ్ వివరణ కూలిపోవాలంటే అంతకు ముందు తేదీ ఉన్న కాగితం ఒకటి చాలు. అలాంటివి దొరికాయని ప్రకటనలు వచ్చాయి కూడా. వాటిలో 1790 నాటి టెనెసీ కోర్టు రికార్డు ఒకటి. ఒక మనిషిని బానిసగా అమ్మిన పత్రాన్ని కోర్టులో నమోదు చేయించిన వ్యవహారం, అందులో లాయరుగా కుర్రవాడైన ఆండ్రూ జాక్సన్ పేరు ఉంది, చివర ఓ.కె. అని ఉందన్నారు. అసలు కాగితం జాగ్రత్తగా చూస్తే అది ఓ.ఆర్. అని తేలింది. నమోదుకు ఆదేశించడమైనది అనడానికి కోర్టు గుమాస్తాలు వాడే పొడి అక్షరాలు అవి. పాత చేతిరాతలో ఆర్, కె అక్షరాలు ఎంత దగ్గరగా ఉంటాయో చూసినవారికి ఈ పొరపాటు వింతగా అనిపించదు.

రెండోది 1815లో విలియం రిచర్డ్‌సన్ అనే వ్యక్తి బోస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కు వెళ్తూ రాసుకున్న డైరీ. ప్రయాణ వివరాల మధ్య ఓకే అన్నట్టు కనిపించే రెండక్షరాలున్నాయి. అక్కడ కొట్టివేతలు, దిద్దుబాట్లు ఉన్నాయి. పైగా ఆ చోట ఓకే అని చదివితే వాక్యం అతకదు. అందుకే పరిశోధకుల్లో ఎక్కువమంది దీన్ని ఆధారంగా ఒప్పుకోలేదు.

టెలిగ్రాఫ్ తీగ నుంచి కంప్యూటర్ తెర దాకా

1844లో వాషింగ్టన్, బాల్టిమోర్ మధ్య మోర్స్ టెలిగ్రాఫ్ లైను పనిచేయడం మొదలైంది. తీగ మీద ప్రతి అక్షరానికీ సమయం పడుతుంది. మెసేజ్ సరిగ్గా అందింది అని చెప్పడానికి రెండక్షరాలు చాలు అన్నది ఆపరేటర్లకు ఎంతో వీలుగా కుదిరింది. రైల్వేల్లోనూ, గుమాస్తాల కాగితాల మీదా అలాగే స్థిరపడింది. పత్రికల సరదా మాట అక్కడ పని మాటగా మారింది. వేరే భాషలకు వెళ్లినప్పుడు కూడా ఇబ్బంది పడలేదు, ఎందుకంటే ఆ ధ్వనులు పలకలేని భాషలు చాలా తక్కువ.

1961 మే 5న అలన్ షెపర్డ్ అంతరిక్షంలోకి వెళ్లినప్పుడు నాసా ప్రతినిధి జాన్ పవర్స్ రేడియోలో 'ఏ-ఓకే', అంటే అంతా సవ్యంగా ఉంది అని చెప్పడంతో అది జనంలోకి వెళ్లింది. షెపర్డే అలా అన్నారని చాలామంది అనుకున్నారు, రికార్డింగుల్లో ఆయన గొంతులో ఆ మాట లేదు.

కంప్యూటర్ తెర మీది ఓకే బటన్‌కు ఒక చిన్న చరిత్ర ఉంది. 1980ల మొదట్లో ఆపిల్ సంస్థ లీసా అనే కంప్యూటర్ తయారుచేస్తూ బటన్ మీద 'డూ ఇట్' అని పెట్టింది. పరీక్షించడానికి కూర్చున్నవారిలో కొందరు రెండు మాటల మధ్య ఖాళీని గమనించలేదు. ఇంగ్లిష్ పెద్ద ఐ అక్షరం చిన్న ఎల్ లాగే కనిపించడంతో దాన్ని 'డోల్ట్' అని చదివారు, అంటే మందబుద్ధి అని. మెషీన్ తమను తిడుతోందనుకుని చిరాకుపడ్డారు. ఆ తర్వాత బటన్ మీదికి ఓకే వచ్చింది.

చేతి సైగకు చోటునుబట్టి అర్థం

బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నాలా చుట్టేసే సైగ ఓకేకి గుర్తుగా అమెరికాలో స్థిరపడింది. సైగ మాత్రం మాటంత సాఫీగా ప్రయాణించలేదు. ఫ్రాన్స్‌లో అదే సైగకు సున్నా, పనికిరానిది అనే అర్థం ఉంది. జపాన్‌లో డబ్బు. బ్రెజిల్‌లో అది బూతు.

2017లో ఇంటర్నెట్‌లో కొందరు ఈ సైగ తెల్లజాతి ఆధిపత్యానికి గుర్తు అని కావాలనే పుకారు పుట్టించారు. జనం హడలిపోతే చూడాలన్నది వాళ్ల ఉద్దేశం. అయితే కొంతకాలానికి నిజంగానే ఆ భావజాలం ఉన్నవాళ్లు దాన్ని వాడటం మొదలుపెట్టారు. 2019లో యూదు వ్యతిరేకతను ఎదిరించే అమెరికా సంస్థ యాంటీ డిఫమేషన్ లీగ్ దాన్ని ద్వేష చిహ్నాల జాబితాలో చేర్చింది. అదే సమయంలో, ఎక్కువమంది దాన్ని మామూలు ఓకేగానే వాడతారు కాబట్టి సందర్భం చూడకుండా ఎవరి మీదా ముద్ర వేయవద్దని హెచ్చరించింది.

ఈ సైగకు ఖచ్చితమైన అర్థం మిగిలిన చోటు సముద్రం లోపల. డైవర్లకు బొటనవేలు పైకెత్తడం అంటే పైకి పోదాం అని. అందుకని బాగానే ఉన్నాను అని చెప్పడానికి ఆ వేలు వాడలేరు, చుట్టేసి చూపిస్తారు. అక్కడ అది ప్రశ్న కూడా, జవాబు కూడా: ఒకరు చూపిస్తే రెండోవారు అదే తిరిగి చూపించాలి. చూపించకపోతే ఏదో ఇబ్బంది ఉందని లెక్క, వెంటనే దగ్గరికి వెళ్లి చూస్తారు.